ఆప్షన్ రోజుల ఆటగాళ్ళు స్ప్రెడ్‌లో ఆడి ఉంటే

కృష్ణమాచారి శ్రీకాంత్ ఈ రోజుల్లో ఐపీఎల్ వేలానికి వచ్చి ఉంటే ఎంత పలికేవాడు? క్రికెట్ చూసే తెలుగిళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఈ చర్చ నడిచే ఉంటుంది. అప్పుడు ఎవరో ఒకరు లక్ష్మణ్ పేరు కూడా తీస్తారు. కోల్‌కతాలో 281 కొట్టిన మనిషే 2008లో డెక్కన్ చార్జర్స్‌కి కెప్టెన్. ఆ ఏడాది జట్టు పట్టికలో అట్టడుగున మిగిలింది. ఆటగాడి గొప్పతనం ఒకటి, ఆడే పద్ధతికి నప్పడం ఇంకొకటి.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులది సరిగ్గా ఇదే పంచాయితీ. 1970ల్లో, 80ల్లో, 90ల్లో ఆడి వెళ్ళిపోయిన వాళ్ళలో ఇప్పటి స్ప్రెడ్ అఫెన్స్‌కి ఎవరు అతికినట్టు సరిపోతారు? ఆ దేశంలో ఈ ఆట మీద మోజు ఎంతటిదంటే, డాలస్ శివార్లలోని అలెన్‌లో హైస్కూల్ పిల్లల మ్యాచ్‌ల కోసమే 18,000 మంది పట్టే స్టేడియం కట్టారు. ఆ చుట్టుపక్కల పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఈ మాటలేవీ కొత్త కాదు. పక్కన కూర్చున్న అమ్మానాన్నలకే ఎవరు ఎందుకు పరుగెత్తుతున్నారో అంతుపట్టదు.

ఈ చర్చలో మామూలుగా వచ్చే జవాబు ఒక్కటే: వేగం. బాగా పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్‌ల (బంతి అందుకుని దాడిని నడిపించే, పాస్ విసిరే ఆటగాళ్ళ) పేర్లు నాలుగు చెప్పేసి, వాళ్ళు ఇప్పుడుంటే దుమ్ము దులిపేవారని తేల్చేస్తారు. అది సగం జవాబు. వేగం ఉన్న ప్రతివాడూ స్ప్రెడ్‌కి పనికొస్తాడని లేదు, పనికొచ్చే ప్రతివాడికీ వేగం ఉండాలనీ లేదు. పైగా ఇదంతా ఊహే అనుకోనక్కర్లేదు. ఆ పాతవాళ్ళలో కొందరు స్ప్రెడ్ లాంటి ఆటనే నిజంగా ఆడి చూపించారు, కాకపోతే కాలేజీలో కాదు, వేరే చోట. ఆ లెక్కలన్నీ రికార్డుల్లో ఉన్నాయి.

ముందు స్ప్రెడ్ అంటే ఏమిటో చూడాలి. ఒక్కో జట్టుకి 11 మంది. మైదానం వెడల్పు 160 అడుగులు. పాత పద్ధతిలో దాడి చేసే జట్టు అంతా బంతి చుట్టూ గుమిగూడేది: ఎదుటివాళ్ళను అడ్డుకునే ఐదుగురు లైన్‌మెన్, వాళ్ళ పక్కన అడ్డుకోవడంతో పాటు పాస్ కూడా పట్టగల టైట్ ఎండ్, వెనక క్వార్టర్‌బ్యాక్, అతని వెనక దారి చేసే ఫుల్‌బ్యాక్, ఆ వెనక బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్. అడ్డుకునే జట్టు కూడా అక్కడికే వచ్చి చేరేది. రెండు గుంపులూ ఢీకొంటే రెండు గజాలో మూడు గజాలో ముందుకు జరగడమే ఆట. స్ప్రెడ్‌లో ముగ్గురు నలుగురు, ఒక్కోసారి ఐదుగురు రిసీవర్లు (పాస్ పట్టేవాళ్ళు) ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుంటారు. వాళ్ళను వదిలేస్తే బంతి గాల్లో వెళ్ళిపోతుంది కాబట్టి డిఫెన్స్ కూడా పరుచుకోక తప్పదు. దాంతో బంతికి ఎదురుగా ఉండే ‘బాక్స్’లో ఎనిమిది మంది ఉండాల్సిన చోట ఆరుగురే మిగులుతారు. క్వార్టర్‌బ్యాక్ కూడా లైన్ మధ్యలో బంతి అందించే సెంటర్‌కి ఆనుకుని వంగి ఉండడు. నాలుగైదు గజాల వెనక, షాట్‌గన్‌లో, మైదానమంతా కళ్ళకు కనిపించేలా నిలబడతాడు.

అసలు తంత్రం ఆ తర్వాత మొదలవుతుంది. ఎదుటి జట్టులో ఒకడిని, సాధారణంగా వాళ్ళ లైన్ చివర ఉండే డిఫెన్సివ్ ఎండ్‌ని, కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి ఆ ఒక్కడినే చూస్తుంటాడు. వాడు రన్నింగ్ బ్యాక్ మీదకి దూకితే బంతి వెనక్కి లాక్కుని తనే పరుగెత్తుతాడు. వాడు తన కోసం ఆగితే బంతి వదిలేస్తాడు. వాడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క: ఏం చేసినా తప్పే. దీని పేరు జోన్ రీడ్. ఇదే కిటుకుకి పాస్‌ని కూడా జోడిస్తే ఆర్‌పీఓ (రన్-పాస్ ఆప్షన్). అక్కడ పోకచెక్క అయ్యేది ఎక్కువగా డిఫెన్స్ లైన్ వెనక నిలబడే లైన్‌బ్యాకర్. పరుగు ఆపడానికి ముందుకొస్తే అతని వెనక ఖాళీలోకి బంతి పడుతుంది.

కాలేజీ నిబంధనలు దీనికి బాగా కలిసొచ్చాయి. పాస్ వేసే ఆటలో లైన్‌మెన్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే ముందుకెళ్ళాలి, కాలేజీలో మూడు గజాల దాకా వెళ్ళొచ్చు. అంటే ఇది పరుగా పాసా అన్నది లైన్‌బ్యాకర్‌కి ఇంకాస్త ఆలస్యంగా తెలుస్తుంది. బంతి పెట్టే హాష్ గీతల మధ్య దూరం కాలేజీలో 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18న్నర. బంతి ఒక పక్క గీత మీద ఉంటే రెండో పక్క బోలెడంత మైదానం ఖాళీగా పడి ఉంటుంది. స్ప్రెడ్‌కి కావాల్సింది ఆ ఖాళీయే.

ఇక్కడ ఇంకో మెలిక. స్ప్రెడ్ అనేది ఒకటి కాదు, కనీసం రెండు కుటుంబాలు. ఒకటి హాల్ మమ్మీ, మైక్ లీచ్ అనే కోచ్‌లు కలిసి 1989లో అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో మొదలుపెట్టిన ఎయిర్ రెయిడ్. అందులో క్వార్టర్‌బ్యాక్ పరుగెత్తనక్కర్లేదు. త్వరగా చూసి, త్వరగా వదిలి, గురి తప్పకుండా వేస్తే చాలు. లీచ్ దగ్గర టెక్సస్ టెక్‌లో మైకేల్ క్రాబ్‌ట్రీ అనే రిసీవర్ 2007లో ఒక్క సీజన్‌లో 134 క్యాచ్‌లు పట్టాడు. రెండోది కోచ్‌లు రిచ్ రోడ్రిగెజ్, అర్బన్ మయర్‌ల దారి. అందులో క్వార్టర్‌బ్యాక్ కాళ్ళు కూడా ఆయుధమే. మయర్ శిష్యుడు టిమ్ టీబో 2007లో 32 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటించడం) పాస్‌తో, 23 పరుగుతో సాధించి, ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. కాబట్టి ‘ఫలానా వాడు స్ప్రెడ్‌కి నప్పుతాడా’ అని ఎవరైనా అడిగితే ‘ఏ స్ప్రెడ్‌కి?’ అని ఎదురు అడగాలి.

పాత సారా, కొత్త సీసా

జోన్ రీడ్‌ని కొత్త కనిపెట్టుడు అనుకునే వాళ్ళకు విష్‌బోన్ గురించి చెప్పాలి. 1968లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎమరీ బెలార్డ్ అనే అసిస్టెంట్ కోచ్ దీన్ని తయారుచేశాడు. క్వార్టర్‌బ్యాక్ వెనక ఫుల్‌బ్యాక్, అతని వెనక చెరో పక్కన ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లు. పైనుంచి చూస్తే కోడి ఛాతీలోని చీలిక ఎముకలా ఉంటుంది, పేరు అందుకే. అందులో కూడా ఎదుటి జట్టులో ఒకడిని కాదు, ఇద్దరిని అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ మొదటివాడిని చూసి ఫుల్‌బ్యాక్‌కి బంతి ఇవ్వాలో వద్దో తేల్చుకుంటాడు. ఇవ్వకపోతే రెండోవాడి దగ్గరకు పరుగెత్తి, తను ఉంచుకోవాలా హాఫ్‌బ్యాక్‌కి విసరాలా అన్నది తేల్చుకుంటాడు. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో అయిపోవాలి. ఇలా అప్పటికప్పుడు తేల్చుకునే ఆటనే ఆప్షన్ అంటారు. 1971లో ఓక్లహోమా ఇదే ఆటతో మ్యాచ్‌కి సగటున 472 గజాలు పరుగుతోనే సాధించింది.

చూడాల్సిన మనిషి అదే, వేయాల్సిన ప్రశ్న అదే. మారింది నిలబడే చోటు ఒక్కటే. అందుకే ఆప్షన్ ఆడిన క్వార్టర్‌బ్యాక్‌లకు స్ప్రెడ్‌లో సగం పని ముందే వచ్చు.

ఆ వరుసలో మొదటి పేరు నెబ్రాస్కా విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ టామీ ఫ్రేజర్. స్టార్టర్‌గా 33 గెలుపులు, 3 ఓటములు, 1994లో, 1995లో వరసగా జాతీయ టైటిళ్ళు. 1996 జనవరిలో ఫియస్టా బౌల్‌లో (సీజన్ చివర ఆడే పెద్ద మ్యాచ్‌లను బౌల్ అంటారు) ఫ్లోరిడాని 62–24తో చిత్తుచేసిన రాత్రి ఒక్కడే 199 గజాలు పరుగెత్తాడు. అందులో 75 గజాల పరుగు ఒకటుంది. మీదపడి పట్టుకున్న వాళ్ళను ఒక్కొక్కరిగా విదిలించుకుంటూ వెళ్ళిపోతాడు. ఆ పరుగు గురించే అందరూ మాట్లాడతారు. స్ప్రెడ్ కోచ్ మాత్రం అంతకుముందు జరిగేది చూస్తాడు: డిఫెన్సివ్ ఎండ్ భుజాలు ఏ దిక్కుకి తిరిగాయో చూసి, చివరి క్షణం దాకా బంతిని దాచి పెట్టే ఓపిక. అది నేర్పితే వచ్చేది కాదు.

ఫ్రేజర్ పాస్‌ల సంగతి వేరు. కాలేజీలో వేసిన పాస్‌లలో చేరినవి సగానికి అటూ ఇటూ. దాన్నిబట్టి ఎయిర్ రెయిడ్‌లో పనికిరాడని చెప్పొచ్చు, మయర్ ఆటలో పనికిరాడని మాత్రం చెప్పలేం. నెబ్రాస్కాలో అతను పాస్ వేసేదే తక్కువ. వేసినప్పుడు కూడా దూరంగా, కష్టమైనవి వేసేవాడు. ఇప్పటి స్ప్రెడ్‌లో పాస్‌లలో చాలావరకు పక్కకి, దగ్గరగా పడేవే. అవి చేరే శాతం సహజంగానే ఎక్కువ. పాత శాతాలను ఇప్పటి శాతాలతో పోల్చడం టెస్టు స్ట్రైక్ రేటుని టీ20తో పోల్చడం లాంటిదే. 1995లో హైస్‌మన్ ఓట్లలో రెండో స్థానంలో నిలిచిన ఈ ఫ్రేజర్‌ని ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళను జట్లు రౌండ్లవారీగా ఎంచుకునే చోట) ఒక్క జట్టూ తీసుకోలేదు. రక్తం గడ్డకట్టే జబ్బు ఒక కారణం. ఆ రోజుల్లో అలాంటి క్వార్టర్‌బ్యాక్‌తో ఏం చేయాలో ఆ లీగ్‌కి తెలియకపోవడం ఇంకో కారణం.

ఓక్లహోమా 1985: ఒకే జట్టులో మూడు జవాబులు

ఈ చర్చ మొత్తానికి పాఠ్యపుస్తకం లాంటి జట్టు ఒకటుంది. 1985లో బారీ స్విట్జర్ కోచ్‌గా ఉన్న ఓక్లహోమాకి క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఎయిక్‌మన్. పొడగరి, చక్కగా పాస్ వేస్తాడు, పరుగు అంతంతమాత్రం. మయామీతో మ్యాచ్‌లో చీలమండ విరిగింది. అతని చోట్లోకి జమెల్ హాలీవే అనే మొదటి ఏడాది కుర్రాడు వచ్చాడు. పొట్టి, మెరుపు కాళ్ళు, విష్‌బోన్ కోసమే పుట్టినట్టుండేవాడు. ఆ కుర్రాడితోనే ఓక్లహోమా జాతీయ టైటిల్ గెలిచింది. ఎయిక్‌మన్ మూటాముల్లె సర్దుకుని యూసీఎల్‌ఏకి వెళ్ళిపోయాడు. 1989 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు అతనిదే, తర్వాత డాలస్‌కి మూడు సూపర్ బౌల్స్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్స్) గెలిచిపెట్టాడు. మూడోది గెలిచినప్పుడు కోచ్ ఎవరంటే, ఆ స్విట్జరే.

ఈ ఇద్దరిలో స్ప్రెడ్‌కి ఎవరు? హాలీవే అని చటుక్కున చెప్పేస్తారు. రోడ్రిగెజ్ రకం ఆటైతే హాలీవేనే, అందులో అనుమానం లేదు. ఎయిర్ రెయిడ్ అయితే ఎయిక్‌మన్‌కి తిరుగులేదు. అతని బలం దూరం కాదు, గురి. సమయానికి, రిసీవర్ తిరిగే చోటికి, ఛాతీ ఎత్తున బంతి పడాలి. లీచ్ ఆట మొత్తం నిలబడింది దాని మీదే. పరుగెత్తలేని వాడు స్ప్రెడ్‌కి పనికిరాడు అనే మాట తప్పని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

మూడో మనిషి కథ అన్నిటికన్నా ఆసక్తికరం. అదే జట్టులో టైట్ ఎండ్ కీత్ జాక్సన్. భారీ శరీరం, అయినా ఊహించలేనంత వేగం. విష్‌బోన్‌లో టైట్ ఎండ్ పనంతా ఎదుటివాళ్ళను అడ్డుకోవడమే, బంతి ఎప్పుడో పండక్కో పబ్బానికో చేతికొస్తుంది. నాలుగేళ్ళలో పట్టిన క్యాచ్‌లు మొత్తం 62. అయితే ఒక్కో క్యాచ్‌కి సగటున 23 గజాలకు పైనే వచ్చేవి. 1986 జనవరి 1న పెన్ స్టేట్‌తో ఆరెంజ్ బౌల్‌లో హాలీవే వేసిన పాస్‌తో 71 గజాలు వెళ్ళి టచ్‌డౌన్ చేశాడు. 1988లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో చేరాడు. మొదటి సీజన్‌లోనే పట్టిన క్యాచ్‌లు 81. కాలేజీ నాలుగేళ్ళ మొత్తం కన్నా ఆ ఒక్క ఏడాదివే ఎక్కువ.

కాలేజీలో అతనిలో లేనిది ఫిలడెల్ఫియాలో కొత్తగా పుట్టుకు రాలేదు. అడగలేదు కాబట్టి కనపడలేదు, అంతే. ఇప్పటి స్ప్రెడ్‌లో ఇలాంటి టైట్ ఎండ్‌ని లైన్‌కి కట్టేయరు. ఒకసారి పక్కన, ఒకసారి స్లాట్‌లో (లైన్‌కీ అంచు రిసీవర్‌కీ మధ్య), ఒకసారి అంచున నిలబెడతారు. లైన్‌బ్యాకర్‌ని కాపలా పెడితే అతని కాళ్ళు చాలవు, రిసీవర్లను కాచే కార్నర్‌బ్యాక్‌ని పెడితే వాడి ఎత్తు చాలదు. జార్జియాలో బ్రాక్ బవర్స్‌తో 2021 నుంచి 2023 దాకా చేసింది ఇదే. పాతవాళ్ళలో ఒక్కరినే ఎంచుకోమంటే క్వార్టర్‌బ్యాక్‌లను పక్కనపెట్టి కీత్ జాక్సన్‌నే ఎంచుకోవాలి. పాత పద్ధతి వల్ల అందరికన్నా ఎక్కువ వృథా అయింది అతని ఆటే.

ముందే వచ్చేసిన వాడు

ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ చార్లీ వార్డ్ గురించి ‘ఆడి ఉంటే’ అనే మాటే అక్కర్లేదు. 1992 అక్టోబర్‌లో జార్జియా టెక్ మీద నాలుగో క్వార్టర్‌లో 24–14తో వెనకబడి ఉన్నప్పుడు కోచ్ బాబీ బౌడెన్ అతన్ని షాట్‌గన్‌లో నిలబెట్టి, మధ్యలో గుమిగూడి మాట్లాడుకోవడం మానేసి, వరసగా ఆడించాడు. 29–24తో గెలిచారు. ఆ తర్వాత అదే జట్టు పద్ధతి అయిపోయింది, ‘ఫాస్ట్ బ్రేక్’ అని పేరు కూడా పెట్టారు. బాస్కెట్‌బాల్ మాట. పేరు ఊరికే పెట్టలేదు, వార్డ్ ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి పాయింట్ గార్డ్ కూడా. 1993లో 27 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, ఎదుటివాళ్ళ చేతికి చిక్కినవి నాలుగే. హైస్‌మన్ వచ్చింది. 1994 జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో ఫ్రేజర్ ఉన్న నెబ్రాస్కాని 18–16తో ఓడించి బౌడెన్‌కి మొదటి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టాడు.

అంత చేసినా అతన్ని కూడా ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. మొదటి రౌండ్‌లో తీసుకోకపోతే బాస్కెట్‌బాల్‌కి వెళ్ళిపోతానని ముందే చెప్పాడు, జట్లు ఆ రిస్క్ తీసుకోలేదు. న్యూయార్క్ నిక్స్ 26వ ఎంపికగా తీసుకుంది, 2005 దాకా ఎన్‌బీఏలో ఆడాడు. స్ప్రెడ్ క్వార్టర్‌బ్యాక్ పని పాయింట్ గార్డ్ పనికి ఎంత దగ్గరో అతన్ని చూస్తే తెలుస్తుంది. ఖాళీగా ఉన్నవాడికి బంతి చేర్చాలి, ఎవరూ ఖాళీగా లేకపోతే తనే చొరబడాలి.

కెనడా చేసిన ప్రయోగం

ఇక్కడిదాకా వచ్చినవి ఎక్కువగా అంచనాలు. అసలు సాక్ష్యం కెనడాలో ఉంది. అక్కడి ఫుట్‌బాల్ మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు. అమెరికాది 53 గజాల చిల్లర. జట్టుకి 12 మంది. పది గజాలు సాధించడానికి అమెరికాలో నాలుగు అవకాశాలు, అక్కడ మూడే. ఢీకొని మూడేసి గజాలు జరుపుకుంటూ పోతే అక్కడ ఆట సాగదు. బంతి గాల్లోకి లేవాలి, క్వార్టర్‌బ్యాక్ కదలాలి, రిసీవర్లు పరుచుకోవాలి. ఇప్పటి స్ప్రెడ్ కోరేవన్నీ ఆ మైదానం దశాబ్దాల ముందే అడిగింది.

అక్కడికి ఎవరు వెళ్ళారన్నది చూస్తే అమెరికా ఆట మీద ఒక మచ్చ కూడా కనిపిస్తుంది. కాండ్రెజ్ హాలోవే 1972లో టెనెసీకి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. దక్షిణాది పెద్ద కాలేజీల ఎస్‌ఈసీలో ఆ స్థానంలో స్టార్టర్‌గా ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. మీదకొచ్చిన వాళ్ళను ఎలా తప్పించుకునేవాడో ఆ నాటి ఫిల్మ్‌లో ఇప్పటికీ చూడొచ్చు. 1975లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఇంగ్లండ్ అతన్ని డ్రాఫ్ట్ 12వ రౌండ్‌లో తీసుకుంది, అదీ క్వార్టర్‌బ్యాక్‌గా కాదు, డిఫెన్సివ్ బ్యాక్‌గా. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అంటే స్థానం మార్చేయడమే ఆ రోజుల్లో రివాజు. హాలోవే ఒప్పుకోకుండా కెనడా వెళ్ళాడు. 1982లో ఆ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 1983లో అతని జట్టు టొరంటో ఆ లీగ్ టైటిల్ గ్రే కప్ గెలిచింది.

వారెన్ మూన్‌ది అదే దారి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తరఫున 1978 జనవరిలో మిషిగన్‌ని ఓడించి రోజ్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచినా డ్రాఫ్ట్‌లో పేరు పలకలేదు. ఎడ్మంటన్ వెళ్ళాడు. 1978 నుంచి 1982 దాకా వరసగా ఐదు గ్రే కప్‌లు. తిరిగొచ్చి హ్యూస్టన్‌లో నలుగురు రిసీవర్ల రన్ అండ్ షూట్ ఆడుతూ 1990లో 4,689 గజాలు పాస్ వేశాడు. స్ప్రెడ్‌కి తాత వరసయ్యే పద్ధతి అది. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాడు. మూన్ విషయంలో ఇక ఊహించడానికేమీ మిగల్లేదు.

డగ్ ఫ్లూటీది రంగు సమస్య కాదు, ఎత్తు సమస్య. బాస్టన్ కాలేజీలో 1984 హైస్‌మన్ విజేత. అదే ఏడాది మయామీ మీద ఆఖరి క్షణంలో గాల్లోకి వేసిన పాస్‌తో 47–45 గెలుపు ఇప్పటికీ చూపిస్తుంటారు. ఆరడుగులు కూడా లేడని జట్లకు అనుమానం, పైగా డ్రాఫ్ట్‌కి ముందే పోటీ లీగ్ యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో చేరిపోయాడు, దాంతో పదకొండో రౌండ్ దాకా ఎవరూ ముట్టుకోలేదు. కెనడాలో ఎనిమిది సీజన్లలో ఆరుసార్లు అత్యుత్తమ ఆటగాడు. 1991లో 6,619 గజాలు పాస్ వేశాడు. లైన్‌మెన్ తలల మీదుగా కనిపించదు అన్న అభ్యంతరం షాట్‌గన్‌లో చాలావరకు తీరిపోతుంది. వెనక్కి జరిగి నిలబడితే, మధ్యలో మనుషులు పలచబడితే, పొట్టివాడికీ దారి కనిపిస్తుంది. పర్డ్యూలో డ్రూ బ్రీస్ 1998లో విస్కాన్సిన్ మీద ఒకే మ్యాచ్‌లో 83 పాస్‌లు వేసింది అలాంటి ఆటలోనే, అతనూ పొడగరి కాదు. (మూడేళ్ళ ముందు అదే పర్డ్యూలో ఆట అంతా మైక్ ఆల్‌స్టాట్ అనే భారీ ఫుల్‌బ్యాక్ చుట్టూ తిరిగేది. ఆ స్థానమే ఇప్పుడు చాలా జట్లలో లేదు.)

బరువైన వాళ్ళ సంగతి

రన్నింగ్ బ్యాక్‌ల దగ్గర అందరూ చిన్నగా, చురుగ్గా ఉన్నవాళ్ళనే ఏరతారు. బారీ శాండర్స్ పేరు ముందుంటుంది, అది సబబే. ఓక్లహోమా స్టేట్‌లో 1988లో 11 మ్యాచ్‌ల్లో 2,628 గజాలు, బౌల్ మ్యాచ్ లెక్కలో లేకుండానే. అతనికీ సాక్ష్యం ఉంది. 1989లో డెట్రాయిట్‌లో చేరినప్పుడు అక్కడి ఆట మౌస్ డేవిస్ నేర్పిన రన్ అండ్ షూట్. ముందు దారి చేసే ఫుల్‌బ్యాక్ లేడు, టైట్ ఎండ్ లేడు. మొదటి ఏడాదే 1,470 గజాలు. 1999లో మార్షల్ ఫాక్ పరుగుతో వెయ్యి, క్యాచ్‌తో వెయ్యి గజాలు దాటినప్పుడు కూడా సెయింట్ లూయిస్ చేసింది అతని కోసం ఖాళీలు సృష్టించడమే.

అయితే స్ప్రెడ్ బరువైన రన్నింగ్ బ్యాక్‌లకు గిట్టదన్న మాట తప్పు. టెక్సస్ ఎర్ల్ క్యాంప్‌బెల్‌ని తీసుకోండి. 1977లో విష్‌బోన్ ఫుల్‌బ్యాక్ పని నుంచి, బ్యాక్‌లు ఒకరి వెనక ఒకరు నిలబడే ఐ ఫార్మేషన్‌లో రన్నింగ్ బ్యాక్‌గా మారగానే 1,744 గజాలు, హైస్‌మన్. అతనికి అడ్డుగా ఎనిమిది మంది నిలబడేవారు, గుద్దుకుంటూ పోయేవాడు. ఇప్పుడా అడ్డు ఆరుగురికి తగ్గిందనుకోండి. మొదటి వరస దాటేసరికి ఎదురుగా ఉండేది అందరికన్నా వెనక కాపలా ఉండే బక్కపలచని సేఫ్టీ ఒక్కడు. ఆ సేఫ్టీ మీద జాలిపడాలి. 2010లో ఆబర్న్ అంత భారీ క్యామ్ న్యూటన్‌ని క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టి ఇదే లెక్కతో జాతీయ టైటిల్ గెలిచింది. నిజంగా నష్టపోయేది ఫుల్‌బ్యాక్, అతనితో పాటు ఎప్పుడూ లైన్‌కి ఆనుకుని ఉండే, బంతి పట్టలేని టైట్ ఎండ్.

లైన్‌మెన్ గురించి క్లుప్తంగా: పరుగు ఆటలో ముందుకు దూకడం అలవాటైన వాళ్ళకు వెనక్కి జరుగుతూ కాపాడే పని కొత్తగానే ఉంటుంది. మ్యాచ్‌లో ఆగకుండా వరసగా ఆడే వేగానికి దమ్ము కూడా కావాలి. ఆప్షన్ జట్ల లైన్‌మెన్ మిగతా వాళ్ళ కన్నా తేలికగా, చురుగ్గా ఉండేవారు కాబట్టి వాళ్ళకు ఇబ్బంది తక్కువ.

లెక్క తప్పిన పేరు ఒకటి మిగిలింది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ మేజర్ హారిస్ (మేజర్ అన్నది పేరే). 1988లో జట్టుని రెగ్యులర్ సీజన్‌లో ఓటమి లేకుండా నడిపించాడు. 1989లో హైస్‌మన్ ఓట్లలో మూడో స్థానం. డ్రాఫ్ట్‌లో 12వ రౌండ్ దాకా ఆగాల్సి వచ్చింది, అతనూ కెనడా వెళ్ళాడు. కానీ అక్కడ నిలదొక్కుకోలేదు. కాబట్టి కాలేజీలో మెరిసిన ప్రతివాడికీ వెడల్పు మైదానం దొరికితే చాలు అనుకోవడానికి లేదు. మూడు అవకాశాల ఆటలో పాస్ ఎక్కువ వేయాలి, హారిస్ బలం అది కాదు. అతనికి కావాల్సింది కాలేజీ స్ప్రెడ్, అందులోనూ పరుగు స్ప్రెడ్. అది అదే వెస్ట్ వర్జీనియాకి 2001లో రోడ్రిగెజ్‌తో వచ్చింది. హారిస్‌కి దక్కని ఆట ప్యాట్ వైట్‌కి దక్కింది, స్టార్టర్‌గా నాలుగు బౌల్ మ్యాచ్‌లు గెలిచిన మొదటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు.

హారిస్‌ని ఇప్పటికీ గుర్తుచేసుకునే ఆట 1988 అక్టోబర్‌లో పెన్ స్టేట్ మీద జరిగింది. వెస్ట్ వర్జీనియా 51–30తో గెలిచిన రోజు. జట్టుకి తను చెప్పిన ఎత్తు ఏదో తనే మర్చిపోయాడు. జట్టంతా ఒకవైపు కదిలింది, పెన్ స్టేట్ వాళ్ళూ అటే కదిలారు, బంతి పట్టుకుని హారిస్ ఒక్కడే రెండో వైపు. మీదకొచ్చిన వాళ్ళను ఒక్కొక్కరిగా తప్పించుకుంటూ 26 గజాలు వెళ్ళి టచ్‌డౌన్ చేశాడు. కొన్నేళ్ళ తర్వాత అదే రాష్ట్రంలోని గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీలో, రోడ్రిగెజ్ ఇంకా ఎవరికీ తెలియని కోచ్‌గా ఉన్న రోజుల్లో, ప్రాక్టీసులో క్వార్టర్‌బ్యాక్ చేతి నుంచి రన్నింగ్ బ్యాక్‌కి బంతి సరిగ్గా అందలేదు. డిఫెన్సివ్ ఎండ్ రన్నింగ్ బ్యాక్ వెంటపడటం చూసి, ఆ కుర్రాడు బంతి తనే పట్టుకుని వాడు ఖాళీచేసిన వైపుకి పరుగెత్తాడు. ఎందుకలా చేశావని రోడ్రిగెజ్ అడిగాడు. ఎండ్ అటు వెళ్ళిపోయాడు కదా, అందుకే ఇటు వచ్చానన్నాడు కుర్రాడు. జోన్ రీడ్ అక్కడ మొదలైందని చెప్పుకుంటారు.